పెట్టె చెప్పిన మూడో చెయ్యి

సెప్టెంబరు 20, శనివారం

ఇవాళ మా పెట్టె క్రేనెక్కింది.

గాజువాక దాటాక ఉక్కు ప్లేట్లు నిలవచేసే యార్డు. అందులో మా సింహాద్రి బావ నడిపే, కరెంటు అయస్కాంతంతో ప్లేట్లెత్తే మాగ్నెట్ క్రేను. కేబిన్లో ఆయన కుర్చీ వెనకాల నేనే బోల్టులు బిగించి వచ్చాను. విమానంలో నల్లపెట్టె ఎలాగో క్రేనుకి ఇది అలాగ. బావ ఏ లివర్ తోసినా, ఏ బటన్ నొక్కినా రాసుకుంటుంది. కరెంటు పోయినా మరిచిపోదు. తయారుచేసింది మా కంపెనీయే. కంపెనీ అంటే రెండు గదులు, మిరియం మేడమ్, నేను, ఇద్దరు టెక్నీషియన్లు. అయినా పోర్టువాళ్లు కూడా మా పెట్టెల గురించి ఆరా తీస్తున్నారంటే ఊరికే కాదు.

బావ పెట్టె మూత మీద వేలితో కొట్టి చూశాడు.

“లోపలేటున్నాది బావా? కేమెరాయా?”

“కెమెరా కాదు. లక్షల కొద్దీ చిన్న చిన్న అయస్కాంతాలు.”

“ఓలమ్మో! కింద ఏలాడతన్న మేగ్నెట్టూ అయస్కాంతమే, నీ పెట్టిలోవీ అయస్కాంతాలే. సుట్టాలన్నమాట.”

నవ్వాను. నవ్వి, నాకిష్టమైన పాఠం మొదలుపెట్టాను. అక్క పెళ్లయినప్పటినుంచి నా పాఠాలు చివరిదాకా వినేది బావ ఒక్కడే. ఎలక్ట్రానుకి స్పిన్ అనే గుణం ఉందని, దానివల్ల అది కూడా ఒక బుల్లి దిక్సూచి ముల్లులా పైకో కిందకో చూస్తుందని చెప్పాను. రెండు అయస్కాంతపు పొరలు, వాటి మధ్య కొద్ది అణువుల మందం గోడ. ఒక పొర దిక్కు మారదు. రెండోదాన్ని మనం తిప్పుకోవచ్చు. రెండూ ఒకే వైపు చూస్తుంటే ఎలక్ట్రాన్లు ఆ గోడలోంచి సులువుగా దూరిపోతాయి. ఎదురెదురుగా చూస్తుంటే చాలామట్టుకు ఆగిపోతాయి. దూరితే సున్నా, ఆగితే ఒకటి. జ్ఞాపకమంటే అంతే.

“పోర్టు గేటులాగ. పాసు రంగు కలిస్తే ఎలిపోనిత్తారు, కలవకపోతే ఆపీత్తారు,” అన్నాడు బావ.

అంతకంటే బాగా నేను చెప్పలేను. గోడకి కన్నం లేదు, గోడ ఎక్కేంత శక్తి ఎలక్ట్రానుకి లేదు, అయినా అవతల తేలుతుంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. రాయడం ఇంకా అందంగా ఉంటుంది. ఒకే వైపు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లని వరసగా పంపిస్తే, అవన్నీ తలా కాస్తా నెట్టి ఆ పొరని తిప్పేస్తాయి. తిరిగాక ఇక దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు. అలాగే ఉండిపోతుంది, ఏళ్ల తరబడి. ఓవెన్లో పెట్టాం, ఫ్రిజ్‌లో పెట్టాం, జల్లెడలా ఊపాం, సముద్రపు గాలికి వదిలేశాం. మేం పెట్టని పరీక్ష లేదు, అది నెగ్గని పరీక్ష లేదు.

నేను దిగేముందు బావ ఒక ప్లేటు ఎత్తి చూపించాడు. అంత ప్లేటునీ విస్తట్లో ఇడ్లీ పెట్టినట్టు లారీ మీద పెట్టాడు. మాగ్నెట్ వదలాలంటే కుర్చీకి అటొకటి ఇటొకటి ఉన్న బటన్లు రెండూ కలిపి నొక్కాలి.

“రొండు సేతులూ కావాల. ఏదో ఆలోసిత్తా నొక్కీసే పని కాదు బావా,” అన్నాడు.

సెప్టెంబరు 26, శుక్రవారం

బావ క్రేను నుంచి ప్లేటు పడిపోయింది. కింద నూకాలు ఉన్నాడు. ప్లేటు ఎటు రావాలో కిందనుంచి సైగలు చేసే మనిషి, బావతో చాలా ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నవాడు. ప్రాణం దక్కింది. పాదం సంగతి డాక్టర్లు ఇంకా చెప్పడంలేదు.

సెప్టెంబరు 27, శనివారం

పెట్టె ఉంది. బావకేం భయం లేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

యార్డులో గుసగుసలు మొదలయ్యాయి. ప్రమాదానికి ముందురోజు టీ కొట్టు దగ్గర బావకీ నూకాలుకీ మాటామాటా పెరిగిందట. షిఫ్టు మార్చుకునే గొడవ. బావ అందరి ముందూ “నీ అంతు సూత్తాను” అన్నాడట. ఆ నోటిని ఏం చెయ్యాలి? మా ఊరు పద్మనాభంలో అయితే ఆ మాటకి అర్థం రేపు మళ్లీ కలిసి టీ తాగుతామని.

విచారణ శ్రీరామ్మూర్తిగారికి అప్పగించారు. యార్డు భద్రతాధికారి. నవ్వరు, కానీ పద్ధతైన మనిషి. ఆయన ఎదురుగానే పెట్టె కేబిన్లోంచి నేను విప్పితే, మూతకి ఆయన కాగితం సీలు వేసి సంతకం చేశారు. క్రేనుకి కూడా తాళం. దసరా పండగ వెళ్లాక వచ్చే సోమవారం అందరి ముందూ తెరుద్దామన్నారు.

“బటన్ నొక్కాడో లేదో ఇందులో ఉంటుందా?” అని అడిగారు.

“ఉంటుంది సార్. మనుషులు మరిచిపోతారు, ఇది మరవదు,” అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను, సోమవారంతో ఈ పీడ వదులుతుందని. పుష్పక్క ఫోన్లోనే ఏడ్చింది.

అక్టోబరు 1, బుధవారం

యార్డులో ఆయుధపూజ. మిరియం మేడమ్‌కి చర్చిలో పనుంది, నన్ను పంపింది.

ప్రమాదం జరిగాక చేసే పూజ కదా, ఈసారి భక్తి పొంగిపొర్లింది. తాళం ఒక్కపూటకి తీయించారు. మాగ్నెట్‌ని నేలకి దించి కడిగారు, పసుపు రాశారు, నా నడుమంత లావు బంతిపూల దండ వేశారు. దాని ముందు స్పానర్లు, గొలుసులు, హెల్మెట్లు. ఎవరో మా పెట్టె కూడా ఆఫీసు గదిలోంచి తెచ్చారు. సీలు చెరక్కుండా పక్కన బొట్టు పెట్టారు. నేనే చూపించాను ఎక్కడ పెట్టాలో.

ఈ యార్డుకి ఒక ఆనవాయితీ ఉంది. పూజయ్యాక మాగ్నెట్ మొట్టమొదట ఏడాదిలో కొత్తగా వచ్చిన సామాను ఎత్తాలి. ఈ ఏడు కొత్తది మా పెట్టె! కేబిన్లోకి తాతబాబు ఎక్కాడు. రెండో షిఫ్టు ఆపరేటరు. బావని రానివ్వలేదు. మాగ్నెట్ మెల్లగా దిగింది, పెట్టె ఇనుప ఒళ్లుతో టక్కున అతుక్కుంది, దండతో సహా గాల్లోకి లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. గంగాలమ్మ, యార్డు ఊడ్చే మామ్మ, “మా తల్లే, సల్లగుండు” అంటూ పెట్టెకి దిష్టి తీసింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ప్రింటు తీయించి ఆఫీసు గోడకి పెట్టాలి.

అక్టోబరు 6, సోమవారం

నొక్కాడు.

మళ్లీ మళ్లీ చూశాను. సీలు చెక్కు చెదరలేదు. శ్రీరామ్మూర్తిగారే చింపారు. మేనేజరుగారు, మిరియం మేడమ్, బావ, అందరూ ఉన్నారు. పెట్టె క్షణానికో వరసగా రాసుకుంటుందని, ప్రతి వరస చివరా ఒక కాపలా బిట్ ఉంటుందని, వరసలో ఒకట్లు సరిసంఖ్యలో ఉండాలని, ఒక్క బిట్ తేడా వచ్చినా కాపలావాడు అరుస్తాడని ముందే వివరించాను. ప్లేటు పడిన క్షణం దగ్గరికి వచ్చాం. ఎడం బటన్, ఒకటి. కుడి బటన్, ఒకటి. కాపలావాడు అరవలేదు.

బావ నా వైపు చూశాడు. నేను స్క్రీను వైపు చూశాను.

“నాను నొక్కలేదు సార్,” అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. అలా చేసినా బాగుండేది.

కొన్ని వరసల్ని కాపలావాడు తిప్పికొట్టాడు. ప్లేటు పడ్డ కుదుపుకి అయ్యుంటుంది. రిపోర్టులో రెండు బటన్ల కాలమ్‌లే ప్రింటు తీసి ఇచ్చాను. మిగతావన్నీ ఇస్తే వాళ్లకి అయోమయం.

అక్టోబరు 7, మంగళవారం

పెట్టె అబద్ధం చెప్పదు.

అక్టోబరు 8, బుధవారం

దానికి అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది? అది ఎవరికీ బావ కాదు, ఎవరికీ బావమరిది కాదు.

అక్టోబరు 9, గురువారం

బావని సస్పెండ్ చేశారు. పోలీసులకి కూడా రాస్తారట. కావాలని పడేశాడని రుజువైతే జైలు. రుజువు మా పెట్టె.

పోర్టువాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. విచారణ అంత తొందరగా తేలిపోయిందట కదా, మీ పెట్టె అద్భుతమట కదా అని. సంతోషించాలి. సంతోషంగానే ఉంది. పొద్దుటినుంచి తల నొప్పి, ఏసీ వల్ల.

అక్క ఫోన్ చేసింది.

“సాయీ, నీ పెట్టి ఒకటి సెప్పింది, మీ బావ ఒకటి సెప్పినాడు. నువ్వేటి నమ్మతన్నావు?”

“అక్కా, ఇది నమ్మకం విషయం కాదు. ఫిజిక్సు.”

“ఫిజిక్సే! మరి ఆ ఫిజిక్సుకి కూడెవులెట్టినారురా? నిన్ను సదివించింది ఆయన ఓవర్టైము డ్యూటీలు కాదేటి?” అని పెట్టేసింది.

నేను పక్షపాతం లేకుండా ఉన్నాను. అది తప్పా?

అక్టోబరు 12, ఆదివారం

వెళ్లకూడదనుకుంటూనే అక్కవాళ్లింటికి వెళ్లాను. బావ ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చాడు. రోజూ వెళ్తున్నాడట నూకాలు దగ్గరికి. నూకాలు గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడట, ఇటు తిరగడట. బావ కాసేపు బల్ల మీద కూర్చుని, కమలాపళ్లు పెట్టి వచ్చేస్తాడట. ఇవి అక్క చెప్పింది. బావ చెప్పలేదు.

భోజనాలయ్యాక ఉన్నట్టుండి బావ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎడం చెయ్యి ఒడిలో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి ముందుకు చాచి, లేని లివర్ పట్టుకుని మెల్లగా తోశాడు. కళ్లు కిందికి, నూకాలు నిలబడే చోటుకి.

“క్రేను ఇలగ నడుత్తన్నాది. నూకాలు సెయ్యూపినాడు, రమ్మని. నాను తోసినాను. తోత్తన్నాను. అంతే. ఒకపాలిగా ప్లేటు లేదు.”

కుడి చెయ్యి ఇంకా లివర్ మీదే ఉంది. నాకు విసుగొచ్చింది, ఈ నాటకమంతా నా ఎదుట ఎందుకని. చెప్పులేసుకుని వచ్చేశాను. అక్క గుమ్మం దాకా కూడా రాలేదు.

నాటకమని ఎందుకు రాశాను? బావకి నాటకాలు రావు.

అక్టోబరు 13, సోమవారం

పొద్దున్న ఆఫీసు తలుపులు నేనే తీశాను. ఎవరూ రాకముందే ఆ వరస పూర్తిగా ప్రింటు తీశాను. అన్ని కాలమ్‌లూ.

ఎడం బటన్, ఒకటి. కుడి బటన్, ఒకటి. లివర్, ముందుకి, నిండా.

ఆ లివర్‌కి స్ప్రింగ్ ఉంటుంది. చెయ్యి తీస్తే వెంటనే మధ్యకి వచ్చేస్తుంది. నేనే కదా దాని వైరు కలిపింది. బటన్లు కుర్చీకి చెరో పక్కనా ఉన్నాయి, ఒక చేత్తో రెండూ అందకూడదనే అలా పెట్టారు. ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు. మరి లివర్ తోసింది ఎవరు?

మోకాలితో తోశాడేమోనని కుర్చీలో కూర్చుని ప్రయత్నించాను. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాను. తలుపు దగ్గర మిరియం మేడమ్.

“ఏం చేస్తున్నావు సాయిశంకర్?”

“మూడో చెయ్యి వెతుకుతున్నాను మేడమ్,” అన్నాను కిందనుంచే.

ఆవిడ నవ్వలేదు. బ్యాగు పక్కన పెట్టి కాగితం తీసుకుంది. చదివింది. “పెట్టె తప్పు చెబుతోంది,” అంది. అంతే. తన చేతులతో గీసిన సర్క్యూట్ బోర్డు అది. రెండేళ్లు కంటికి కునుకు లేకుండా చేసుకున్నది. అయినా ఆ మాట అనడానికి ఆవిడ క్షణం కూడా తటపటాయించలేదు. నాకు వారం పట్టింది.

అక్టోబరు 14, మంగళవారం

పెట్టె పుట్టినప్పుడు రాసి మళ్లీ ఎవరూ ముట్టని భాగం ఒకటి ఉంటుంది. సీరియల్ నంబరు, కొలతల పట్టిక. దాని నకలు ఆఫీసులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాం. మేడమ్ ఒకటి చదువుతుంటే నేను టిక్కులు పెట్టాను.

పాడైన చోట్లన్నీ సున్నాలు ఒకట్లయ్యాయి. ఒకటి సున్నా అయినది ఒక్కటంటే ఒక్కటి లేదు.

మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. నేను కూడా. చిప్పు ముసలిదైతే అటూ ఇటూ రెండు వైపులా తప్పులు రావాలి. ఇది అలా లేదు. ఇన్ని బుల్లి ముళ్లూ ఒకే వైపుకి తిరిగాయి. ఎవరో బయటనుంచి చెయ్యి పట్టుకుని తిప్పినట్టు. ఇంత భయంలోనూ నాకు ముచ్చటేసింది, నిజం చెబుతున్నాను. అబద్ధం చెప్పేటప్పుడు కూడా ఎంత క్రమశిక్షణగా చెప్పింది! ఏ దిక్కునుంచి తనని కొట్టారో చెప్పి మరీ పాడైంది.

“దీన్ని పెద్ద అయస్కాంతం దగ్గరికి ఎవరు తీసుకెళ్లారు?” అంది మేడమ్. “కేబిన్ పైన ఉంటుంది. మాగ్నెట్ ఎక్కడో కింద ఉంటుంది.”

నేను తల ఎత్తాను. ఎదురుగా గోడ మీద ఫోటో. మాగ్నెట్‌కి అతుక్కుని, బంతిపూల దండతో, గాల్లో వేలాడుతున్న మా పెట్టె. కింద చప్పట్లు కొడుతూ నేను. పళ్లన్నీ కనబడుతున్నాయి.

నా తల కొట్టేసినట్టయింది. కుదుపుకి ఆ పొరలు తిరగవు. ఆ సంగతి నాకు కొత్తగా తెలిసిందేమీ కాదు. అయస్కాంతానికి తిరుగుతాయి. అదీ కొత్త సంగతి కాదు. సీలు కాగితాన్ని మనిషి చెయ్యి దాటలేదు. అయస్కాంతానికి కాగితం ఏం అడ్డు? పెట్టె ఇనుప ఒళ్లు కొంత కాసింది కాబట్టి అన్నీ తిరగలేదు, కొన్నే తిరిగాయి. ఒక వరసలో ఒకటి తిరిగితే కాపలావాడు అరిచాడు. రెండు తిరిగితే ఒకట్లు మళ్లీ సరిసంఖ్యే అయ్యాయి, కాపలావాడు సెల్యూట్ కొట్టి పంపేశాడు. ఆ రెండూ బావ బటన్లే కావడం బావ ఖర్మ.

“నేను పూజకి వచ్చి ఉంటే ఆపేదాన్ననుకుంటున్నావేమో. నేనూ చప్పట్లు కొట్టేదాన్ని,” అంది మేడమ్ ఫోటో చూస్తూ. “మనం దీన్ని ఓవెన్లో పెట్టాం, ఫ్రిజ్‌లో పెట్టాం. మాగ్నెట్ క్రేను కోసం చేసి మాగ్నెట్‌కి మాత్రం చూపించలేదు.”

“పోర్టువాళ్లకి తెలిస్తే మేడమ్?”

“తెలిస్తే కాదు. మనమే చెబుతాం. ముందు శ్రీరామ్మూర్తిగారికి పద.”

ఎంత మామూలుగా అందో. ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నానని ఇన్నాళ్లూ నాకు తెలియదు. చిప్పుని చూసినంతగా ఆవిడని చూడలేదు.

అక్టోబరు 15, బుధవారం

శ్రీరామ్మూర్తిగారు నమ్మలేదు. “మీ బావ కదా,” అన్నారు. మొన్న ఆ బావకి వ్యతిరేకంగా చెప్పినప్పుడు ఈ చుట్టరికం ఎవరికీ గుర్తు రాలేదు. ఒళ్లు మండింది. మేడమ్ నా చెయ్యి నొక్కి, “మీ కళ్ల ముందే చూపిస్తాం సార్,” అంది.

శనివారం పరీక్ష. రెండు కొత్త పెట్టెలు, రెండింటిలోనూ ఒకటే రాయాలి. రెండింటికీ ఆయనే సీలు వేస్తారు. ఒకటి బల్ల మీద ఉండాలి, ఒకటి మాగ్నెట్‌కి ఎక్కాలి.

చిక్కల్లా మనుషులతో. ఆ క్రేను కింద నిలబడి పెట్టెని సర్దడానికి యార్డులో ఒక్కరూ ఒప్పుకోలేదు. నేను నిలబడతానన్నాను. అప్పుడు తాతబాబు అడ్డం తిరిగాడు.

“కింద మనిసుంటే నాను నడపను బాబూ. మళ్లీ ఏటైనా అయితే నా బతుకేటి కావాల?”

“మరి ఎవరు నడుపుతారు?” అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

“సింహాద్రి బావ,” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “కావాలని మనిషి మీద పడేశాడని మీ పెట్టె చెప్పిన మనిషే కదా?”

“అవును సార్. ఆయన నడిపితేనే నేను కింద నిలబడతాను.”

మిరియం మేడమ్ కిటికీ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది.

అక్టోబరు 16, గురువారం

బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్కతో చెప్పాను. “సరే” అంది.

అక్టోబరు 18, శనివారం

బావ ఉతికిన యూనిఫాం వేసుకొచ్చాడు. నాతో మాట్లాడలేదు. మెట్లెక్కేముందు మాత్రం, “బేగి పెట్టీసి పక్కకొచ్చీ. మేగ్నెట్టు కింద సెయ్యెట్టకు,” అన్నాడు.

పెట్టె చెక్కదిమ్మ మీద పెట్టి పక్కకి జరిగాను. మాగ్నెట్ దిగడం మొదలైంది. పైకి చూశాను. అద్దంలోంచి బావ నన్ను చూస్తున్నాడు, నూకాలుని చూసేటట్టు. చెయ్యి ఊపాను, రమ్మని. అంత బరువూ గాల్లో ఊగకుండా, వణక్కుండా, బిడ్డని ఉయ్యాల్లో వేసేటంత నెమ్మదిగా వచ్చి పెట్టెకి కాస్త పైన ఆగింది. టక్కుమని పెట్టె అతుక్కుంది. నాకు భయం వేయలేదు. వేస్తుందనుకున్నాను.

దించి, వదిలాక రెండు పెట్టెలూ శ్రీరామ్మూర్తిగారే తెరిచారు. బల్ల మీద ఉన్నది రాసింది రాసినట్టే చెప్పింది. మాగ్నెట్ ఎక్కినదాంట్లో అక్కడక్కడా సున్నాలు ఒకట్లయ్యాయి. ఒకట్లు ఒకట్లుగానే ఉన్నాయి. ఎవరూ ఏ బటనూ నొక్కని వరసల్లో బటన్లు నొక్కినట్టుంది. అలాంటి ఒక వరస దగ్గర కాపలావాడు నోరు కూడా మెదపలేదు. ఆయన ఆ వరస మీద వేలు పెట్టి ఒకట్లు లెక్కపెట్టుకున్నారు.

“అయితే ఆ రోజు ఏం జరిగింది?”

“పెట్టెకి తెలియదు సార్,” అన్నాను.

ఈ ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన మాటల్లో అంత కష్టమైనది లేదు. చెప్పాక ఎంత తేలికయ్యానో అదీ రాసుకోవాలి.

అప్పుడు మిరియం మేడమ్ అడిగింది. “సార్, పెట్టె చెప్పేసింది కదా అని మీరు విప్పి చూడకుండా వదిలేసినవి ఏమైనా ఉన్నాయా?”

ఉంది. మాగ్నెట్‌కి కరెంటు తెచ్చే కేబుల్ జాయింటు డబ్బా. రుజువు దొరికాక అనవసరమని దాని మీద ‘తర్వాత’ అని రాసుకున్నారట. కరెంటు ఆపి విప్పించారు. లోపల జాయింటు మాడిపోయి మసి. తీగ సగం తెగి, మిగతా సగం ఊరికే ఆనుకుని ఉంది. పెట్టెని ఎత్తేంత సేపు సరిపోతుంది. ప్లేటు ఎత్తి క్రేను కదిలితే ఎప్పుడు వదిలేస్తుందో దేవుడికే తెలియాలి.

శ్రీరామ్మూర్తిగారు ఆ మసి చేతికి అంటించుకుని చూశారు. తర్వాత అదే చేత్తో బావ చెయ్యి పట్టుకున్నారు. సస్పెన్షన్ కాగితం వెనక్కి తీసుకుంటానని, పోలీసులకి తనే వెళ్లి చెబుతానని అందరి ముందూ అన్నారు. బావ తల ఊపాడు. గంగాలమ్మ మామ్మ ఎక్కడనుంచో ఉప్పు తెచ్చి ఈసారి బావకి దిష్టి తీసింది.

నాకు బావ దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

మేడమ్ యార్డు గేటు దగ్గర నిలబడే పోర్టువాళ్లకి ఫోన్ చేసింది. పెట్టెలు ఇప్పుడు ఇవ్వలేమని, చిప్పు చుట్టూ కవచం వేసి, ఒక్క కాపలావాడు చాలడని తేలింది కాబట్టి లెక్క సరిచేసుకుని వస్తామని చెప్పింది. కారణం కూడా దాచకుండా చెప్పింది, పూజతో సహా. అవతలివాళ్లు ఏమన్నారో గాని, “పర్వాలేదండి, ఆగండి,” అని పెట్టేసింది.

అక్టోబరు 19, ఆదివారం

బావ తనే ఫోన్ చేశాడు. “నూకాలు కాడికి ఎలతన్నాను. వత్తావేటి?”

వార్డులో నూకాలు గోడ వైపే తిరిగి ఉన్నాడు. పాదం నిలిచిందట, నడవడానికి నెలలు పడుతుందట. జాయింటు సంగతి, పెట్టె సంగతి నేనే చెప్పాను. గోడకే చెప్పినట్టు చెప్పాను. బావ కమలాపండు ఒలుస్తూ కూర్చున్నాడు.

చివరికి నూకాలు ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“కోపంలో నోరు జారినావని తెలుసు బావా. మొదట నమ్మనేదు. మరి పెట్టి సెప్పింది కదా అని...”

“పోన్లేరా. పెట్టి అలగ సెప్పినాక నాకే అనుమానమొచ్చీసింది,” అన్నాడు బావ, పండు తొన ఒకటి నూకాలు చేతిలో పెడుతూ. “నొక్కీసినానేటో, మర్సిపోనానేటో అని. రోజూ కుర్సీలో కూకుని సూసుకునీవోడిని, సేతులెక్కడున్నాయో అని. నా సేతులు నానే నమ్మనేదురా.”

ఆ ఆదివారం వరండాలో నేను చూసింది అదా! నాటకమని చెప్పులేసుకుని వచ్చేశాను. నాకు ఏడుపొచ్చింది. నర్సు చూస్తోందని కూడా ఆగలేదు.

బయటికి వచ్చి ఆస్పత్రి ఎదురుగా టీ తాగాం. గ్లాసులు ఖాళీ అయ్యాక బావ అడిగాడు.

“మళ్లీ బిగిత్తావా పెట్టి, నా క్రేనుకి?”

“నువ్వు వద్దంటే బిగించను బావా.”

“ఒద్దనీదేటి. మంచి సామానే అది. అన్ని అయస్కాంతాలూ ఒక్క మాట మీద నిలబడినాయన్నావు సూడు, నాకు నచ్చింది. బిగించు.” గ్లాసు బల్ల మీద పెట్టాడు. “బిగించు గాని, అది సెప్పినాక నన్ను కూడా ఒకపాలి అడుగు.”